ఎర్ర కుక్కకు నేనల్లిన కథ

ఇందులో రాసే ప్రతి మాటా నిజం. ఇరవై రెండేళ్లుగా బాయిలర్ దగ్గర పని చేస్తున్నవాణ్ని. మండుతున్న ఆ బాయిలర్ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను.

నా సంగతి తెలిసినవాళ్లు ఈ ఒట్టు చూసి నవ్వుకుంటారని తెలుసు. మా కాలనీ టీ కొట్టు దగ్గర నేను నోరు తెరిస్తే, చెప్పినదాంట్లో సగం తీసేసి వినడం అక్కడివాళ్ల అలవాటు. సగం తీసేసినా ఇంకా మిగిలేట్టు చెప్పడం నా అలవాటు. మంజీర వరదల్లో మా తాత దుంగ అనుకుని మొసలి మీద కూర్చుని అవతలి ఒడ్డుకు చేరాడనీ, దిగేటప్పుడు దానికి బీడీ ఇవ్వబోయాడనీ చెబితే, బీడీ ఒక్కటి తీసేసి మిగతాది నమ్మినవాళ్లు ఉన్నారు. అవి వేరే. ఇది నవ్వులకు చెప్పే సంగతి కాదు. ఇందులో ఒక మనిషి బతుకుతెరువు ఉంది, ఒక కుక్క ప్రాణం ఉంది.

మాది పాశమైలారం ఫ్యాక్టరీల వెనక కాలనీ. ఒకప్పుడు జొన్న చేలు. ఇప్పుడు రేకుల గదుల వరసలు, వరస చివర ఒక నల్లా, నల్లా పక్కన నాచు పట్టిన బండ. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, నారాయణఖేడ్ వైపు ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లు ఏడాదో రెండేళ్లో ఉంటారు. ఉన్నన్నాళ్లు ఒక కుక్కపిల్లను చేరదీస్తారు. రొట్టె ముక్క వేస్తారు, సెల్‌ఫోన్లో ఫోటో తీసి ఇంటికి పంపుతారు. గది ఖాళీ చేసే రోజు బకెట్టు, చాప, గ్యాస్ పొయ్యి పక్క గదివాళ్లకు ఇచ్చిపోతారు. కుక్క మాత్రం బయటే ఉండిపోతుంది. తలుపుకు వేరే తాళం పడ్డాక కూడా నాలుగైదు రోజులు ఆ గడప ముందే పడుకుంటుంది. ఆ తర్వాత అది అందరిదీ అవుతుంది, అంటే ఎవరిదీ కాదు.

వాటిని చూసుకోవడానికి మేం ముగ్గురం చేరాం. మొదటివాడు మటన్ కొట్టు భాయ్. కొట్టులో మిగిలిన బొక్కలు, కొవ్వు నూకలతో కలిపి, చిటికెడు పసుపు వేసి పెద్ద గంజులో ఉడికిస్తాడు. మేకలను తెచ్చే ట్రాలీ ఆటో ఆయనదే. కుక్కలను డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదీ అదే బండి. రెండో మనిషి ప్రైవేటు బడిలో చదువు చెప్పే టీచరమ్మ. ఏ కుక్కకు ఎప్పుడు రేబీస్ సూది పడింది, దేనికి గజ్జి మందు తాగించాం, దేనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, అన్నీ ఒక పాత హాజరు పుస్తకంలో రాస్తుంది.

ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా ఎడమ చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. కుట్లు ఆరాక తెచ్చి, పట్టిన చోటే వదలాలి. రెండు వీధుల అవతల వదిలినా అక్కడి కుక్కలు బతకనివ్వవు. "పట్టిన కాడనే ఇడువాలె" అన్నది మా ముగ్గురికీ ఉన్న ఒకే ఒక నియమం. చట్టం కూడా అదే చెబుతుందని టీచరమ్మ అనేది. భాయ్‌కి చట్టంతో పని లేదు. బతికే జాగ నుంచి జీవాన్ని పీకడం పాపమని ఆయన నమ్మకం.

మూడోవాణ్ని నేను. నాకు వంట రాదు, సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. నాకు వాళ్లిద్దరూ అప్పగించిన పని కథలు చెప్పడం.

నవ్వొద్దు, అది నిజంగా పనే. కథ లేని కుక్కను మనిషి కాలితో తంతాడు. కథ ఉన్న కుక్కను తన్నే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం చాలు, కుక్క పక్కకు జరగడానికి. అందుకని మా కాలనీలో ప్రతి కుక్కకూ నేనొక చరిత్ర కట్టాను. కుంటిది గ్యాస్ వాసన పసిగట్టి ఒక షెడ్డునంతా లేపిందని చెప్పాను. నల్లది పోలీసు కుక్కల శిక్షణలో ఆఖరి పరీక్ష తప్పి ఇంటికి పోవడానికి మొహం చెల్లక ఇక్కడ ఉండిపోయిందని చెప్పాను. బీహార్ పిల్లలు కొందరు దానికి సెల్యూట్ కొట్టి డ్యూటీకి పోయేవాళ్లు. నేను కథ చెప్పిన వారంలో ఆ వీధిలో రాళ్లు తగ్గేవి. టీచరమ్మ తన పుస్తకంలో సూది తేదీ పక్కన ఒక చిన్న గీత పెట్టేది, దానికి కథ చెప్పడం కూడా అయిందన్న గుర్తుగా.

ఎర్రది మూడో వరసలో ఉండేది. ఆడది, చెవి కొస కత్తిరించినది, తోక చివర తెలుపు. అది ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసే అక్కతో ఉండేది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి. భర్త లేడు, పిల్లలు లేరు. ఆరు గంటల షిఫ్టుకు టీ, ఉప్మా సిద్ధం కావాలి కాబట్టి ఆమె తెల్లవారక ముందే బయల్దేరాలి. కాలనీకీ ఫ్యాక్టరీ గేటుకూ మధ్య రెండు ఫ్యాక్టరీల గోడల నడుమ ఒక దారి ఉంది. ఒక పక్క మురికి కాలువ, ఇంకో పక్క ముళ్ల తీగ. లైట్లు లేవు. ఆ దారిలో ఒకసారి ఎవరో ఆమె మెడలో పుస్తెల తాడు ఉందనుకుని లాగారు. అది ఉత్త పూసల దండ. దండ తెగింది, ఆమె కాలువలో పడింది. లేచి, తడి చీరతోనే పోయి ఉప్మా చేసింది. ఆ మర్నాటి నుంచి ఎర్రది ఆమె ముందు నడవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. ఆమెను గేటు దగ్గర దింపి, ఒంటరిగా తిరిగొచ్చి నల్లా బండ మీద పడుకునేది.

క్యాంటీన్ కాంట్రాక్టరు వేళ మార్చనన్నాడు. వేరే పని ఇచ్చేవాళ్లు ఆ వయసులో లేరు. ఎర్రది ఉంటే ఆమెకు పని ఉంది, లేకపోతే లేదు. అంతే.

అయితే ఆ గదుల యజమాని పటేల్‌కు ఎర్రది నచ్చేది కాదు. ఫ్యాక్టరీలు రాకముందు ఆ చేలన్నీ ఆయన ఇంటివే. మనిషి చెడ్డవాడు కాదు, శుభ్రం పిచ్చి. నల్లా బండ మీద కుక్క పడుకోవడం చూసి రెండుసార్లు కర్ర తీశాడు. అక్క నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, అందరి కుక్కలకు చెప్తవ్ గదా, మా దానికి గూడ జెర ఏమన్న చెప్పు" అంది. మొదట అడిగింది ఆమే. తప్పు ఆమె మీద పెట్టడానికి కాదు, జరిగింది చెబుతున్నాను.

పటేల్ బోరు మోటారు వైరు రెండుసార్లు దొంగలు కోసుకుపోయారు. ఆ బాధ ఆయనకు కడుపులో ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను. మూడోసారి దొంగ వచ్చాడనీ, రాగి తీగ చుట్ట భుజానికి వేసుకుని గోడ ఎక్కుతుంటే ఎర్రది పిక్క పట్టిందనీ, వాడు చుట్ట వదిలి కుంటుతూ పారిపోయాడనీ, పటాన్‌చెరు ఆసుపత్రిలో వాడికి ఆరు కుట్లు పడ్డాయనీ చెప్పాను. పటేల్ సగం తీసెయ్యలేదు. మొత్తం తీసుకున్నాడు. ఆ సాయంత్రమే మోటారు దగ్గరికి పోయి, ఉన్న వైరును చేత్తో తడిమి చూసుకుని వచ్చాడు. మర్నాడు నల్లా బండ మీద తానే ఒక గోనె పట్టా పరిచాడు.

ఆ తర్వాత ఆ కథ నాది కాకుండా పోయింది. పటేల్ దాన్ని పెళ్లిళ్లలో చెప్పాడు, బ్యాంకులో చెప్పాడు, కాజీపల్లిలో ఉన్న వియ్యంకుడికి చెప్పాడు. ఆరు కుట్లు పదకొండు అయ్యాయి. ఆయన నోట్లో ఎర్రది పెద్ద పులి అయింది. అది వింటూ టీ కొట్టు దగ్గర నేను మీసాలు దువ్వుకునేవాణ్ని. నా చేతిపని అంత బాగా కుదరడం అదే మొదటిసారి. అది కరిచే కుక్క అని ఊరంతా అనుకునేట్టు చేశానన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. కథల పని చేసేవాడికి తప్ప ఇంకెవరికీ ఆ తప్పు చేసే వీలు లేదు.

ఎండాకాలం మొదట్లో ఐదో వరసలో ఒడిశా వాళ్ల ఆరేళ్ల పాపను కుక్క కరిచింది. పిక్క మీద రెండు పళ్లు దిగాయి. నేనే బండి మీద ఆ తల్లీ కూతుళ్లను ఆసుపత్రికి తీసుకుపోయాను. సూది వేస్తుంటే పాప ఏడవలేదు, తల్లి ఏడ్చింది. ఏ కుక్క అని అడిగితే, "లాల్ వాలా" అంది పాప. మా కాలనీలో ఎర్ర రంగు కుక్కలు ఆరు. కరిచింది ఏదో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఎర్రది ఆ పూట ఎక్కడుందో చూసినవాళ్లు లేరు. కానీ మేం తిరిగి వచ్చేసరికి కాలనీ తీర్పు చెప్పేసింది. పిక్క పట్టే ఎర్ర కుక్క అంటే ఒక్కటే కదా.

మర్నాడు సాయంత్రం టీ కొట్టు ఎదురుగా ఉన్న పటేల్ ఇంటి ముందు అందరూ కూడారు. పాప తండ్రి ఒక మూల నిలబడ్డాడు. టీచరమ్మ హాజరు పుస్తకం తెచ్చి ఎర్రదానికి సూది పడిందని చూపింది, కుక్కను వేరే చోటికి తీసుకుపోవడం చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఎవరూ వినలేదు. అక్క అందరి వెనక నేల మీద కూర్చుంది. నేను చెప్పక తప్పదనుకుని ముందుకు వచ్చాను. దొంగ రాలేదన్నాను. పిక్క పట్టలేదన్నాను. మొత్తం నేను పుట్టించానన్నాను. అన్నేళ్లలో ఆ టీ కొట్టుకు యాభై అడుగుల లోపల నేను చెప్పిన మొదటి పూర్తి నిజం అది.

పటేల్ నా వైపు తిరిగాడు.

"ఇన్నొద్దులు పట్టిందంటివి. ఇయ్యాల పట్టలేదంటున్నవ్. మేం దేన్ని నమ్మాలె?"

"ఇదే నిజం పటేలా. నా పిల్లల మీద ఒట్టు."

"నువ్వు ఒట్టేసినప్పుడే నాకు అనుమానమైతది. కుక్కను కాపాడనీకె చెప్తున్నవ్, నాకెరుక లేదా? దొంగ సంగతి నేను పది మందికి చెప్పిన. అయితె నేను గూడ అబద్ధాలోణ్నేనా?"

జనం నవ్వారు. ఎవరో వెనక నుంచి, "దీంట్ల సగం తియ్యుండ్రి" అన్నారు. అందరూ సగం తీసేశారు. నేను అబద్ధమన్నది తీసేసి, దొంగను మాత్రం ఉంచుకున్నారు.

వారం గడువు ఇచ్చారు. ఆ లోపల మేం ముగ్గురమే దాన్ని ఎక్కడికన్నా తీసుకుపోవాలి, ఎందుకంటే అది మా చేతికి తప్ప ఇంకెవరి చేతికీ రాదు. తీసుకుపోకపోతే ఏమవుతుందో పటేల్ అనలేదు. వేరేవాళ్లు అన్నారు. కూరలో గుళికల మందు కలిపేవాళ్లు ఏ కాలనీలోనైనా ఒకరిద్దరు ఉంటారు, మా దాంట్లో ఎవరో కూడా మాకు తెలుసు.

అక్క పటేల్ కాళ్ల దగ్గర కూర్చుని, పగలంతా గొలుసుతో కడతానంది, గదిలో పెట్టుకుంటానంది. గదుల్లో కుక్కలు వద్దని ఆయన అన్నాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గించి అన్నాడు. ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు.

"నువ్వు పెట్టిన మాట తమ్మీ. నువ్వే తియ్యాలె. ఇంకోల్లతోని గాదు."

"తీసిన గదక్కా. ఎవ్వలు నమ్ముతలేరు."

"అయితె దానికొక మంచి జాగ జూడు. అది బతికుంటె నేనెట్లన్న ఏగుత."

టీచరమ్మ పట్టినచోట కాకుండా ఇంకోచోట వదిలే పనికి తాను రానంది. పుస్తకంలో ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. భాయ్‌ని అడిగితే ముందు "నక్కో భాయ్" అని తల అడ్డంగా ఊపాడు. ఆరో రోజు ఎర్రది పడుకునే పట్టా పక్కన ఎవరో మాంసం ముక్క వేశారు. భాయ్ దాన్ని ఎత్తి వాసన చూశాడు. పోయి ట్రాలీ కడిగాడు.

మర్నాడు పొద్దున అక్క ఎర్రదానితోనే గేటు దాకా నడిచింది. గేటు దగ్గర దాని తల నిమిరిందట, అంతే. అది ఎప్పటిలాగే వెనక్కి వచ్చింది. నేను పిలిస్తే ట్రాలీలోకి తానే ఎక్కింది. డాక్టరు దగ్గరికనుకుని ఉంటుంది. సంగారెడ్డి దాటాం. భాయ్, "ఎన్ని మేకల్ని తోలిన ఈ బండిల. అవి గూడ గిట్ల నమ్మకంగ ఎక్కలే" అన్నాడు.

జోగిపేట దాటి కొంత దూరం పోయాక ఎడమ పక్క మట్టి దారి పట్టాం. దారి చివర మామిడి తోట. కాయ ఇంకా పచ్చిగా ఉంది. తోట మధ్య మోటారు గది, దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద మంచం మీద ఒక ముసలాయన. ఆయన కుక్క పోయిన నెలలో పాము కరిచి చచ్చిపోయిందట. కోతులు కాయ నిలవనివ్వడం లేదు. ఎర్రదాన్ని చూడగానే లేచి కూర్చున్నాడు. ఏం తింటుందని అడిగాడు, ఎవరిదని అడిగాడు. "మా ఇంటిదాని తీరు నడుస్తున్నది" అని దాని నడకను మెచ్చుకున్నాడు. మోటారు గదిలోంచి పాత సత్తు గిన్నె తెచ్చి అంబలి పోశాడు. ఎర్రది తాగి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మంచం కింద నీడలో పడుకుంది. ఒక గేదె దూడ వచ్చి దాన్ని వాసన చూసింది. మేం బండి తిప్పుకుంటుంటే తోక ఆడించింది గానీ లేవలేదు. తనకు జాగ దొరికిందని దానికి తెలిసిపోయింది.

ఆ రాత్రి అక్కకు ఇదంతా చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

మర్నాటి నుంచి నేను ఆరు గంటల షిఫ్టుకు మార్పించుకున్నాను. ఆ గోడల దారిలో ముప్పై అడుగుల ముందు నేను నడుస్తాను, వెనక ఆమె వస్తుంది. పక్కపక్కన నడిస్తే కాలనీ ఊరుకోదు కాబట్టి ఆ దూరం. నా చేతిలో టార్చి ఉంటుంది. పటేల్ ఒకరోజు ఎదురై, "ఎర్రదాని డ్యూటీ నీకు పడ్డదా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

ముప్పై అడుగుల వెనక నుంచి అక్క ఎర్రదాని సంగతి అడిగేది. నేను వెనక్కి తిరగకుండానే చెప్పేవాణ్ని. ముసలాయన ఫోన్ చేశాడనీ, ఎర్రది కోతిని తరిమిందనీ, కొంచెం ఒళ్లు చేసిందనీ. రోజుకో ముక్క. గేటు వచ్చేలోగా అయిపోయేంత. ఆమె నవ్వు చీకట్లో వెనక నుంచి వినిపించేది. పూసల దండ తెగిన చోట కూడా ఆగకుండా నడిచేది. వానలు మొదలయ్యాక, "వానల ఏడ పంటున్నది?" అని అడిగింది. మోటారు గదిలో, వెచ్చగా, అన్నాను. గేదె దూడ ఎర్రదాన్ని వదిలి మేతకు పోవడం లేదని కూడా అన్నాను.

ఒకరోజు చూసొద్దామంది. ముసలాయన బిడ్డ ఇంటికి మెదక్ పోయాడన్నాను. ఇంకోసారి అడిగితే మట్టి దారి బురదై బండి దిగబడుతుందన్నాను. మూడోసారి ఆమె అడగలేదు. క్యాంటీన్లో ఒక రోజు సెలవు పెట్టింది. ఆమెకు సెలవు దొరకడమంటే మామూలు సంగతి కాదు; ఇంకో ఆమెను బతిమాలి పనికి ఒప్పించి, తన బదులు నిలబెట్టింది. ఆదివారం పొద్దున నా గది ముందు నిలబడింది. ఇస్త్రీ చీర, చేతిలో సంచి. సంచిలో మెత్తగా వండిన అన్నం, కోడి కాళ్లు, ముసలాయనకు ఒక తువ్వాల.

"బస్సుల పోదం తమ్మీ. బురదైతె నడుస్త."

సంగారెడ్డి బస్టాండు దాకా ఒక బస్సులో పోయాం. దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. తనను ఎర్రది గుర్తుపడుతుందా అని, గుర్తుపడితే మళ్లీ వెంట వస్తానంటుందేమో అని, అట్లా వస్తే ముసలాయన బాధపడతాడేమో అని. ఆ చివరి మాట నేను తట్టుకోలేకపోయాను. లేని మనిషి మనసు నొచ్చుకుంటుందని ఆమె దిగులు పడుతోంది.

ఇక్కడ ఒట్టు తీసి పక్కన పెట్టాలి.

బస్టాండు బెంచీ మీద కూర్చుని ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మేం జోగిపేట దాటిన మాట నిజం. ఎడమ పక్క మట్టి దారి ఏదీ పట్టలేదు. అక్కడ రెండు గంటల పాటు ముగ్గురు నలుగురు రైతులను అడిగాం. మాకే ఎక్కువున్నాయి, తీసుకుపొమ్మన్నారు. ఎండ ముదిరింది. భాయ్ సాయంత్రం కొట్టు తెరవాలి, నేను షిఫ్టుకు చేరాలి. ఊరి చివర మూతపడిన ధాబా ఒకటి కనబడింది. ముందు రేకుల పందిరి, పక్కన టైర్లకు పంక్చర్ వేసే కొట్టు. అక్కడ బండి ఆపాం. ఎర్రది తానే దూకింది. బిస్కెట్ పాకెట్ చింపి పందిరి కింద పోశాను. అది తలవంచి తినడం మొదలుపెట్టింది. మేం బండి ఎక్కాం. ఇంజను శబ్దానికి ఒకసారి తల ఎత్తి చూసింది. చూసి, మళ్లీ తినసాగింది. కాలనీలో తిండి పెట్టడానికి మేం రోజూ వచ్చేవాళ్లం కాబట్టి మళ్లీ వస్తామనే దాని లెక్క. దారిలో భాయ్ ఒకచోట బండి పక్కకు ఆపి, హ్యాండిల్ మీద తల పెట్టుకుని కొంతసేపు ఉన్నాడు. వెనక్కి తిప్పుదామా అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

అక్క అంతా విన్నది. సంచిని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"అన్ని తిన్నదా?"

తిన్నదక్కా అనడం నాకు ఎంత సులువో మీకు తెలుసు.

"ఎరుక లేదక్కా. నేను ఎన్కకు తిరిగి సూడలే."

జోగిపేట బస్సు వచ్చింది. ఆమె లేచి సంచి తీసుకుని ఎక్కింది. నేను కిందే నిలబడ్డాను. కిటికీలోంచి, "ఎక్కు. దింపిన జాగ నీకే ఎరుక" అంది.

ధాబా అట్లాగే మూసి ఉంది. పందిరి కింద మూడు కుక్కలున్నాయి, వాటిలో ఎర్రది లేదు. పంక్చర్ కొట్టు అతన్ని అడిగితే ఏ కుక్కో గుర్తుపట్టాడు. తోక చివర తెలుపున్నదే కదా అన్నాడు. వానల దాకా అక్కడే ఉండేదట. రోడ్డు మీద ఏ ట్రాలీ ఆటో ఆగినా ఉరుక్కుంటూ పోయి, డ్రైవరు మొహం చూసి, తిరిగి వచ్చి పడుకునేదట. తర్వాత కనబడలేదట. అంతకంటే అతనికి తెలియదు. అక్క అతన్ని ఇంకేం అడగలేదు. అన్నం ఆ మూడు కుక్కలకూ పెట్టింది. తువ్వాల అతనికి ఇచ్చింది. ఎందుకిచ్చిందో అతనికి అర్థం కాలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు భాయ్, టీచరమ్మ, నేను పోయి ఆ చుట్టుపక్కల ఊళ్లలో వెతికాం. టీచరమ్మ పుస్తకంలో ఎర్రదాని పేజీ కొట్టెయ్యలేదు, ఖాళీగా ఉంచింది. నేను ఇప్పుడు కుక్కలకు కథలు చెప్పడం లేదు, గంజు తోముతున్నాను. పొద్దున ఆ గోడల దారిలో ఇప్పటికీ నేను ముందు, ఆమె వెనక. టార్చి వెలుగుతుంటుంది. ఆమె ఏమీ అడగదు.

నేను కల్పించింది తోట. ముసలాయన, వేపచెట్టు, మంచం, అంబలి, గేదె దూడ, మోటారు గది. ఒక కుక్క తోక ఆడిస్తూ మమ్మల్ని సాగనంపిందన్నది. అది రాస్తున్నప్పుడు కూడా, ఈసారన్నా ఆ తోట దగ్గర బండి ఆపొచ్చేమో అనిపించి రాశాను.